మూడు వింత గిటార్లు: ఆఫ్‌సెట్, హార్డ్‌బోర్డ్ బారిటోన్, తలలేనిది. ఏది మార్చాలి, ఏది వదిలేయాలి?

తీగలబండి (ప్రశ్న)

ఒకే నెలలో మూడు సెకండ్‌హ్యాండ్ గిటార్లు చేరాయి. మూడూ ఎక్కువగా కనిపించే స్ట్రాట్, లెస్ పాల్ మోడళ్ల దారిన నడిచేవి కావు. కొలతలతో సహా రాస్తున్నాను, తెలిసినవాళ్లు చెప్పండి.

మొదటిది ఫెండర్ జాజ్‌మాస్టర్ తరహా ఆఫ్‌సెట్, అంటే బాడీ నడుము రెండు వైపులా ఎదురెదురుగా కాక పక్కకు జరిగినది. 25.5 అంగుళాల స్కేల్ (మెడ చివర తీగలు ఆనే పట్టీ, అంటే నట్, నుంచి బ్రిడ్జ్ దాకా తీగ పొడవు), ఫింగర్‌బోర్డ్ రేడియస్ (వంపు) 9.5 అంగుళాలు, స్ట్రింగ్స్ 9–42 (సన్నతీగ నుంచి లావుతీగ దాకా మందం, అంగుళంలో వెయ్యో వంతుల్లో). క్లీన్ టోన్‌కు వంక పెట్టలేను, పెద్ద కార్డ్ మోగించినా అందులో ఒక్కో స్వరం విడిగా వినిపిస్తోంది. తిప్పలన్నీ మెకానికల్. గట్టిగా స్ట్రమ్ చేస్తే 6వ స్ట్రింగ్ శాడిల్ (బ్రిడ్జ్ మీద తీగ ఆనే చిన్న ముక్క) గాడిలోంచి పక్కకు దూకుతోంది. బ్రిడ్జ్ పూర్తిగా కిందికి దించినా 12వ ఫ్రెట్ దగ్గర యాక్షన్ (ఫ్రెట్ పైన తీగ ఎత్తు) 2 మి.మీ. ఉంది. బ్రిడ్జ్ దగ్గర ఈగ ముసిరినట్టు జుయ్‌మంటోంది. ఓపెన్ G మీటితే బ్రిడ్జ్ వెనక ఇంకేదో మోగుతోంది. పైన కొమ్ము దగ్గరున్న స్లైడ్ స్విచ్ జరిపితే ఆంప్ మీద దుప్పటి కప్పినట్టు అవుతోంది. ఈ బ్రిడ్జ్ తీసేసి ట్యూన్-ఓ-మ్యాటిక్ రకం బ్రిడ్జ్ పెట్టించేద్దామా?

రెండోది 29.75 అంగుళాల బారిటోన్, అంటే పొడుగు మెడతో కింది శ్రుతిలో పలికే గిటార్. డాన్‌ఎలక్ట్రో తరహా: చెక్క ఫ్రేమ్‌కు ముందూ వెనకా హార్డ్‌బోర్డ్, లిప్‌స్టిక్ పికప్‌లు (లిప్‌స్టిక్ గొట్టంలాంటి తొడుగున్నవి) రెండు, చెక్క శాడిల్ ఒక్కటే. B నుంచి B ట్యూనింగ్. పాత యజమాని మామూలు 10–46 సెట్ వేసి ఇచ్చాడు. 6వ స్ట్రింగ్ మీటగానే శ్రుతి పైకి ఎగిరి, తర్వాత మెల్లగా దిగుతోంది. 3వ స్ట్రింగ్ 12వ ఫ్రెట్‌లో 14 సెంట్లు ఎక్కువ (ఒక సెంటు అంటే అర్ధస్వరంలో నూరో వంతు). స్విచ్ మధ్యలో పెడితే శబ్దం ఒక్కసారిగా పెరుగుతోంది, వైరింగ్ తప్పా?

మూడోది హెడ్‌లెస్, ఫ్రెట్లు విసనకర్రలా ఉన్నది, స్కేల్ సన్నతీగకు 25.5, లావుతీగకు 27 అంగుళాలు. చేతిలో దూదిలా ఉంది. కానీ 1వ స్ట్రింగ్ నాబ్ చివరిదాకా తిప్పినా E అందడం లేదు. 6వ స్ట్రింగ్ నాబ్ తిప్పాలంటే పటకారు కావాలేమో అన్నంత బిగుతు.

ఇవి కాక మా ఇంటి ఫ్లాట్‌లో వాయిస్తే హమ్, అంటే గుయ్‌మనే మోత. స్ట్రింగ్స్ ముట్టుకుంటే తగ్గుతోంది.

---

రాణీగంజ్_రెంచ్

బ్రిడ్జ్ మీద పైసలు పెట్టకు అన్నా, ఆగు. తప్పు దానిది తక్కువ, ఆ 9–42 సెట్‌ది ఎక్కువ.

జాజ్‌మాస్టర్ 1958ల వచ్చింది. అప్పుడు గిటార్ల మీద ఉండేటివి మందం తీగలు, 3వ తీగకు కూడ చుట్టు ఉండేది. దీంట్ల టెయిల్‌పీస్ (తీగల తోకలు పట్టే భాగం) బ్రిడ్జ్‌కు చాన దూరంల ఉంటది, గందుకే తీగ శాడిల్ మీద వంగే కోణం పుట్టుకతోనే తక్కువ. శాడిల్‌ను కిందికి ఒత్తే బలం రెండిటి మీద నడుస్తది: ఆ కోణం, తీగ బిగువు. నువ్వు బ్రిడ్జ్‌ను అడుగుకు దించి కోణం పోగొట్టినవ్, సన్నతీగ వేసి బిగువు పోగొట్టినవ్. ఇగ తీగ దుంకకుంటే ఏంజేస్తది?

బ్రిడ్జ్ అడుగుకు పోయినా యాక్షన్ 2 మి.మీ. ఉందంటే నెక్‌కు షిమ్, అంటే కింద పెట్టే పలచని ముక్క, కావాలె. లెక్క గిట్ల: పాకెట్ (బాడీల నెక్ కూసునే గుంత) పొడుగు దాదాపు 76 మి.మీ. సగం డిగ్రీ కోసం పాకెట్‌ల బ్రిడ్జ్ దిక్కున్న చివర 0.65 మి.మీ. లేవాలె, ముందంచు దగ్గర సున్నా. నెక్ గంత వంగితే, అదే యాక్షన్ ఉంచనీకి బ్రిడ్జ్‌ను దాదాపు 2 మి.మీ. లేపాల్సొస్తది. ఒక డిగ్రీ అయితే షిమ్ 1.3, బ్రిడ్జ్ 4 మి.మీ. ముందుగల సగం డిగ్రీతోనే చూడు.

పరీక్షకు విజిటింగ్ కార్డు ముక్కలు రెండు చాలు, ఒక్కొక్కటి 0.3 దాక ఉంటది. అట్లనే వదిలెయ్యకు కానీ. ఒక్క చివర ముక్క పెడితే మధ్యల సందు మిగుల్తది, స్క్రూలు లాగంగ లాగంగ నెక్ మడిమ ఆ సందులకు వంగి ఆఖరి ఫ్రెట్లు మూపురం లెక్క లేస్తయి. కోణం కుదిరినంక పూర్తి పాకెట్ సైజుల ఏటవాలు ముక్క చెయ్యి. ప్లైవుడ్ దుకాణంల టేకు వెనీర్ దొరుకుతది. రెండు పొరలు అతికించి, అద్దం మీద 120 నంబర్ గరుకు కాగితం పరిచి, ఒక దిక్కే ఒత్తుకుంట రుద్దాలె.

నెక్ ఊడదీసే ముందు తీగలన్ని పూర్తిగ వదులు చెయ్యి. కొన్నిట్ల ట్రస్ రాడ్ (నెక్ వంపు సరిజేసే లోపలి కడ్డీ) స్క్రూ మడిమ దిక్కే ఉంటది, నెక్ తీస్తే గాని అందదు. నీది గట్లుంటే రెండు పనులు ఒక్కసారే కానియ్యి. రిలీఫ్, అంటే నెక్‌కు ఉండే చిన్న వంపు, కొలుచుడు సులువు: 1వ ఫ్రెట్ మీద కాపో (తీగలు ఒత్తి పట్టే క్లిప్), బాడీ కలిసే కాడి ఫ్రెట్ వేలుతో ఒత్తి, 7–8 ఫ్రెట్ల కాడ సందు చూడు. 0.25 మి.మీ. మంచిగుంటది. దానికి బండి మెకానిక్‌లు వాల్వులకు వాడే ఫీలర్ గేజే సరిపోతది, రాణీగంజ్‌ల ఏ టూల్స్ దుకాణంల అడిగినా ఇస్తరు. రాడ్‌ను ఒకసారికి పావు చుట్టు కంటే ఎక్కువ తిప్పకు. స్క్రూలు మళ్ల బిగిచ్చేటప్పుడు ఎదురెదురుగ, చేతి స్క్రూడ్రైవర్‌తోనే. డ్రిల్లు పెట్టినవంటే కట్టెల మర అరుగుతది.

తీగలు 11–49 ఎయ్యి. నట్ గాళ్లు 9లకు కోసినయ్ కాబట్టి ఇరుకైతయి. ట్యూన్ చేస్తుంటే టింగుమని చప్పుడు ఒచ్చి శ్రుతి ఒక్కపారి జరిగితే గది గాడి పట్టుకుంటున్నట్టు. 400 నంబర్ కాగితం తీగ ముక్కకు చుట్టి పక్కలే రుద్దు, అడుగు ముట్టకు. అడుగు దిగితే ఓపెన్ తీగ బరబరమంటది, మళ్ల కొత్త నట్టే.

జుయ్ చప్పుడు: ఎవరన్న మీటుతుంటే ఒక్కొక్క శాడిల్‌ను గోరుతో ఒత్తుకుంట పో. ఎక్కడ ఆగిందో గదే దొంగ. ఒక్కో శాడిల్‌కు రెండు చిన్న స్క్రూలుంటయి, ఒకటి బ్రిడ్జ్ అడుగుకు ఆనకపోయినా గిలగిల కొట్టుకుంటది. ఆనిచ్చి, నీలం థ్రెడ్‌లాకర్ సూది మొనంత పెట్టు. ఎర్రది వద్దు, పెట్టినవంటే వేడి చేస్తే గాని కదలదు. ఇంకో మాట, 1.5 మి.మీ. ఆలెన్ కీ 1/16 అంగుళం స్క్రూల దూరుతది కానీ సరిగ పట్టదు, తల గుండ్రంగ అరుగుతది. ఏ కొలతనో చూసి కొను.

వెనక మోగుడు రోగం గాదు. బ్రిడ్జ్‌కు టెయిల్‌పీస్‌కు మధ్యల తీగ ముక్కలు సితార్ తరఫ్‌ల లెక్క పలుకుతయి. నచ్చకుంటే తీగల కింద నుంచి చిన్న ఫెల్ట్ ముక్క అల్లు.

---

సోల్డర్‌పొగ

మెకానిక్ పని రెంచ్ గారు చెప్పేశారు, కరెంటు పని నేను చెప్తాను.

పై స్విచ్ చెడిపోలేదు. అది రిథమ్ సర్క్యూట్. అటు జరిపితే నెక్ పికప్ ఒక్కటే, దానికి 1 మెగ్ (పది లక్షల ఓమ్‌లు) వాల్యూమ్, 50 కె (యాభై వేల ఓమ్‌లు) టోన్. కింది లీడ్ సర్క్యూట్‌లో రెండూ 1 మెగ్. ఆ 50 కె టోన్ పాట్ (నాబ్ కింద తిరిగే రెసిస్టర్) పై ఫ్రీక్వెన్సీలను పూర్తిగా తెరిచినా కొంత తినేస్తుంది, అలాగే డిజైన్ చేశారు. పక్కనున్న రెండు చక్రాలే దాని వాల్యూమ్, టోన్. కార్డ్స్‌కు ఒక వాల్యూమ్ ముందే పెట్టుకుని, సోలోకు కింది సర్క్యూట్‌కు దూకడానికి పనికొస్తుంది. అక్కర్లేకపోతే వదిలేయండి, పీకకండి.

లీడ్ వైపు చెవికి గుచ్చుతుంటే పికప్ మార్చే ముందు ఒక రూపాయి పని చేయండి. లీడ్ వాల్యూమ్ పాట్ మూడు కాళ్లలో మధ్యది వదిలేసి, రెండు చివరి కాళ్ల మధ్య 1 మెగ్ రెసిస్టర్, పావు వాట్, అతికించండి. పికప్‌కు 500 కె పాట్ ఉన్నట్టే కనిపిస్తుంది. నచ్చకపోతే ఒక కాలు కత్తిరిస్తే చాలు. కోఠి గుజరాతీ గల్లీలో రెసిస్టర్లు విడిగా ఇస్తారు.

బారిటోన్‌లో మధ్య పొజిషన్ శబ్దం పెరగడం తప్పు కాకపోవచ్చు. పాత డాన్‌ఎలక్ట్రోల్లో మధ్యలో రెండు పికప్‌లూ సిరీస్‌లో (ఒకదాని వెనక ఒకటి) కలుస్తాయి, మామూలు గిటార్లలోలా పారలల్ (పక్కపక్కన) కాదు. గిటార్ విప్పకుండానే తేల్చుకోవచ్చు. కేబుల్ గుచ్చి, వాల్యూమ్‌లు పూర్తిగా పెంచి, అవతలి ప్లగ్ మొనకూ దాని గొట్టానికీ మల్టీమీటర్ పెట్టండి. లిప్‌స్టిక్ ఒక్కోటి 4–5 కె చూపిస్తుంది. మధ్యలో 9 కె దగ్గర వస్తే సిరీస్, 2.2 దగ్గరైతే పారలల్. శబ్దం పెరగకుండా పలచబడి ముక్కులో పాడినట్టు ఉంటే మాత్రం ఒక పికప్ ఫేజ్ (దాని రెండు తీగల వరస) తిరగబడినట్టు.

హమ్ సంగతి. స్ట్రింగ్స్ ముట్టుకుంటే తగ్గడం మంచి లక్షణం. మన ఒళ్లే యాంటెన్నా, స్ట్రింగ్స్ ద్వారా అది గ్రౌండ్‌కు చేరుతోంది. ముట్టుకుంటే పెరిగితేనే టెయిల్‌పీస్ కింది గ్రౌండ్ తీగ తెగిందని అర్థం. కానీ ముందు సాకెట్ చూపించుకోండి. పాత ఫ్లాట్లలో మూడో రంధ్రం ఉంటుంది, దాని వెనక ఎర్త్ తీగ ఉండదు. ఫేజ్–ఎర్త్ 230 వోల్టులకు దగ్గరగా, న్యూట్రల్–ఎర్త్ రెండు మూడు వోల్టుల లోపు ఉండాలి. అలవాటు లేకపోతే ఎలక్ట్రీషియన్‌తోనే కొలిపించండి. ఎర్త్ లేని ఆంప్‌కు తగిలించిన గిటార్ పట్టుకుని మైక్‌కు పెదవి తగిలితే షాక్ కొడుతుంది.

తర్వాత ఫ్యాన్ రెగ్యులేటర్. సన్నగా తిరిగే ఎలక్ట్రానిక్ డిమ్మర్ రకం కరెంటు తరంగాన్ని ముక్కలు కోసి వదులుతుంది, పికప్‌లో బర్రుమంటుంది. 1 నుంచి 5 దాకా టక్కుటక్కుమనే కెపాసిటర్ రకానికి మార్చితే ఆ బర్రు పోతుంది. కాపర్ టేప్ వేస్తే అలాంటి బర్రు తగ్గుతుంది కానీ ఆంప్ ట్రాన్స్‌ఫార్మర్ నుంచి వచ్చే 50 హెర్ట్జ్ గుంజనను టేప్ ఆపలేదు, అది అయస్కాంత క్షేత్రం. దానికి మందు ఒకటిన్నర మీటర్ దూరం జరిగి, గిటార్‌ను పక్కకు తిప్పి నిలబడటమే. టేప్ వేస్తే జిగురు కూడా కరెంటు పారే రకమే తీసుకోండి, లేదా అతుకుల దగ్గర టంకం చుక్కలు పెట్టండి. మూలకూ మూలకూ మధ్య 1 ఓమ్ లోపు రావాలి.

---

కవాడిగూడ_రివర్బ్

ఆఫ్‌సెట్‌కు ఇంత అవసరమా? బ్రిడ్జ్ కాళ్లకు టేప్ చుట్టి ఊగకుండా బిగించేస్తే అయిపోయె. చాలామంది అదే చేస్తారు.

---

రాణీగంజ్_రెంచ్

ఆర్మ్ (శ్రుతిని ఊపే కడ్డీ) ముట్టనోళ్లకు నడుస్తది. ముట్టేటోళ్లకు నడవది. ఆ బ్రిడ్జ్ ఊగనీకే చేసిండ్రు: ఆర్మ్ ఒత్తితే తీగతో పాటు ముందుకు ఒరుగుతది, వదిల్తే తీగతోనే ఎనకకొస్తది, శాడిల్ మీద రాపిడి ఉండదు. టేప్ చుట్టినంక తీగ శాడిల్ మీద ఈడ్చుకుంట పోతది, పాత జాగాకు రాదు. తీగలు శ్రుతిల ఉన్నప్పుడు బ్రిడ్జ్ కాళ్లు నిట్టనిలువుగ ఉన్నయా చూసుకో, గంతే. ఒరిగి ఉంటే చేత్తో సరిజెయ్యి.

టెయిల్‌పీస్ మీది లాక్ బటన్ సంగతి మర్శిన. ఒక తీగ తెగితే మిగిలినయి శ్రుతి తప్పకుండ ఆపనీకి పెట్టిండ్రు దాన్ని. లాక్ తీసినంక శ్రుతి పైకి పోతే నడిమిట్ల స్ప్రింగ్ స్క్రూ వదులు చెయ్యి, మళ్ల ట్యూన్ చెయ్యి. మూడు నాల్గు సార్ల తర్వాత బటన్ అడ్డం పడకుండ జారుతది, జరిపినా జరపకున్నా శ్రుతి ఒక్కతీరే ఉంటది. ఆడ ఆపు.

ఇవన్ని చేసినంక కూడ 6వ తీగ దుంకితే అప్పుడు ముస్టాంగ్ అనే గిటార్‌కు వచ్చే రకం బ్రిడ్జ్ కొను, దాని శాడిల్స్‌కు ఒక్కటే లోతు గాడి ఉంటది. రేడియస్ 9.5ది అడిగి తీసుకో, ఒక్కొక్క తీగ ఎత్తు విడిగ మార్చుకునేటట్టు ఉండది.

---

మందతీగ

బారిటోన్‌కు వస్తాను. స్కేల్ పెరిగితే, అదే తీగకు అదే శ్రుతిలో బిగువు స్కేల్ వర్గంతో పెరుగుతుంది. 25.5 నుంచి 29.75కు 36 శాతం ఎక్కువ. కానీ E నుంచి Bకి అయిదు అర్ధస్వరాలు దించారు కాబట్టి 44 శాతం పోతుంది. రెండూ కలిపితే మీ 46 తీగ మామూలు గిటార్ మీదున్న బిగువులో 76 శాతంతోనే వేలాడుతోంది. మీటగానే శ్రుతి ఎగరడం అందుకే. వదులు తీగ ఎక్కువ వెడల్పు ఊగుతుంది, ఊగినప్పుడు సాగుతుంది, సాగినప్పుడు శ్రుతి పెరుగుతుంది.

మామూలు గిటార్ చేతి స్పర్శ కావాలంటే Bకి 6వ తీగ 53–54 చాలు. బారిటోన్ సెట్ అని రాసి అమ్మే 14–68ని కళ్లు మూసుకుని వేయకండి. 29.75 స్కేల్‌లో దాన్ని Aకి దించినా ఆ 68 తీగ మామూలు E తీగ కంటే మూడో వంతు గట్టిగా ఉంటుంది. అలాంటివి 27 అంగుళాల స్కేల్‌లో బాగుంటాయి. 12–54 సెట్‌తో మొదలుపెట్టండి. కొనే ముందు బ్రిడ్జ్ నుంచి అన్నిటికంటే దూరపు ట్యూనర్ దాకా టేపుతో కొలిచి, చుట్లకు 5 సెం.మీ. కలపండి. పొడుగు మెడ మీద సాధారణ సెట్‌లో 1వ తీగ చాలకపోయే ప్రమాదం ఉంది.

3వ తీగ ఇంటొనేషన్, అంటే పై ఫ్రెట్లలోనూ శ్రుతి సరిగ్గా ఉండటం. మీ సెట్‌లో అది చుట్టు లేనిది. లావు ప్లెయిన్ తీగ ఎక్కడైనా మిగతావాటి కంటే ఎక్కువ షార్ప్ పోతుంది, ఒకే చెక్క శాడిల్ మీద దానికి విడిగా దిద్దుబాటు లేదు. 3వది చుట్టు ఉన్న సెట్ తీసుకోండి, తేడా చాలావరకు దిగుతుంది. తర్వాత శాడిల్ స్క్రూ కొంచెం వదులు చేసి, ముందు 1, 6 తీగలు సరిచేసి, మిగిలిన తప్పును వాటి మధ్య పంచండి. మూడు నాలుగు సెంట్లు మిగిలితే వదిలేయండి, ఆ శాడిల్‌కు అంతకంటే ఓపిక లేదు.

బాడీ గురించి జాగ్రత్త. హార్డ్‌బోర్డ్ అంచుల్లోంచి నీళ్లు తాగుతుంది. చుట్టూ ఉన్న వినైల్ పట్టీ ఊడితే వానాకాలం రాకముందే అతికించండి, తడి గుడ్డతో తుడవకండి. స్క్రూ రంధ్రం వదులైతే అగ్గిపుల్ల, చుక్క సూపర్ గ్లూ, ఆరాక మళ్లీ స్క్రూ. పికప్ ఎత్తు స్క్రూలు బాడీ వెనక నుంచి ఉంటాయి, అవి చూసి కంగారు పడకండి. చివరి ఫ్రెట్ నొక్కి పట్టి, బ్రిడ్జ్ వైపు 2 మి.మీ., నెక్ వైపు 3 మి.మీ. సందు ఉంచండి.

ఆంప్‌లో బేస్ నాబ్ పెంచకండి. ఆ B 61.7 హెర్ట్జ్, చిన్న ఆంప్‌లోని 8 అంగుళాల స్పీకర్ అది పలకలేక పగిలిన డప్పులా కొట్టుకుంటుంది. మనం వినేది ఎక్కువగా రెండో హార్మోనిక్, 123 హెర్ట్జ్. బేస్ సగానికి తగ్గించి మిడ్ పెంచితేనే ఆ ట్వాంగ్ బయటికొస్తుంది.

హెడ్‌లెస్ మాట కూడా చెప్పేస్తాను, చిన్నదే. నాబ్ కదిలే దూరం తక్కువ, ఒక సెంటీమీటర్ అటూ ఇటూ. తీగ వేసేటప్పుడు నాబ్ పూర్తిగా వెనక్కి తిప్పి, నట్ అవతల తీగను పటకారుతో గట్టిగా లాగి పట్టుకునే లాక్ స్క్రూ బిగించాలి. చేత్తో లాగితే ఆ సెంటీమీటర్ అంతా వదులు లాగడానికే అయిపోతుంది. మీ 1వ తీగకు జరిగింది అదే. బిగించేటప్పుడు తీగ మెలిపడకుండా చూసుకోండి, బిగించాకే తోక కత్తిరించండి. స్క్రూ ఎక్కువ బిగిస్తే సన్నతీగను కొరికేస్తుంది. నాబ్ బిగుతుకు పటకారు వాడొద్దు. తీగ తీసి, నాబ్ ఊడదీసి, మరకూ నాబ్ ఆనే వాషర్‌కూ లిథియం గ్రీజు అగ్గిపుల్ల తలంత రాయండి.

---

ఆలాపన75

ఈ మూడింటిలో గమకాలకు ఏది పనికొస్తుందండీ? ఆఫ్‌సెట్ ఆర్మ్‌తో లాగవచ్చా?

---

మందతీగ

ఆర్మ్ అన్ని తీగలనూ కలిపి కదుపుతుంది, ఒక స్వరం మీద సన్నటి కంపనకు సరే, జారుకు, నొక్కుకు చాలదు. హెడ్‌లెస్ మీద 9లు వేసి తీగ పక్కకు లాగడమే మంచిది. ఇంకా సులువు కావాలంటే అర్ధస్వరం దించండి, బిగువు 11 శాతం తగ్గుతుంది. వంపు ఫ్రెట్ల వల్ల నట్ దగ్గర, చివరి ఫ్రెట్ల దగ్గర మాత్రం చేయి కొంచెం అలవాటు పడాలి. ఫ్రెట్ల మధ్య చెక్క తవ్వించే ఆలోచన ఉంటే ముందు చవక నెక్ మీద ప్రయత్నించండి. తవ్విన బోర్డ్ మీద కాస్త గట్టిగా నొక్కినా స్వరం షార్ప్ అయిపోతుంది, తవ్విన చెక్క మళ్లీ రాదు. పాలకొల్లులో పుట్టిన యు. శ్రీనివాస్ జంట తీగల మాండొలిన్‌ను అయిదు ఒంటి తీగల ఎలక్ట్రిక్ వాద్యంగా మార్చుకున్నది గమకం కోసమే కదా, జంట తీగలు కలిపి లాగితే రెండూ ఒకేలా సాగవు.

---

తీగలబండి

కొలతలు పెడుతున్నాను. ఆఫ్‌సెట్: వెనీర్ షిమ్ 0.65, స్ట్రింగ్స్ 11–49, రిలీఫ్ 0.25. యాక్షన్ 1.6కు వచ్చింది, బ్రిడ్జ్ పాత చోటు కంటే 1.3 మి.మీ. పైన ఉంది. 6వ స్ట్రింగ్ దూకడం ఆగింది. జుయ్ చప్పుడు 4వ శాడిల్‌ది, ఒక స్క్రూ గాల్లో ఉంది. బారిటోన్ మధ్య పొజిషన్ 8.9 కె, సిరీసే. 12–54లో చుట్టు ఉన్న 3వ తీగతో తేడా 4 సెంట్లకు దిగింది. హెడ్‌లెస్ 1వ తీగ మళ్లీ లాగి బిగిస్తే నాబ్ సగంలోనే E అందింది.

సాకెట్‌లో న్యూట్రల్–ఎర్త్ 38 వోల్టులు చూపిస్తోంది. ఇది ఎక్కువేనా?

---

సోల్డర్‌పొగ

చాలా ఎక్కువ. ఎర్త్ తీగ తెగి ఉండొచ్చు, న్యూట్రల్ వదులై ఉండొచ్చు. ఆ సాకెట్‌లో ఆంప్ పెట్టొద్దు. ఎలక్ట్రీషియన్‌తో మెయిన్ బోర్డ్ దగ్గర ఎర్త్ బార్ నుంచి ఈ సాకెట్ దాకా తీగ ఉందో లేదో చూపించండి. అక్కడ కూడా లేకపోతే అపార్ట్‌మెంట్ ఎర్త్ పిట్ దాకా వెళ్లాలి. అది సరిచేశాక హమ్ ఎంత మిగిలిందో రాయండి, కాపర్ టేప్ మాట అప్పుడు చూద్దాం.